చూరు నీళ్లు

అంకూద్ పురపాలక కార్యాలయంలో
నిర్మాణ అనుమతుల విభాగమంటే
ఒక కట్టెల పొయ్యి, రెండు బల్లలు,
ఇరవై రెండేళ్లుగా నేను.
కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని కొత్తవాళ్లు మురుస్తారు.
నిజానికి కనిపించేది వాన.
దాని వెనకాల సముద్రం ఉందని మేం నమ్ముతాం.

ఎదువినా నావెల్కిన్ మొదటిసారి వచ్చినప్పుడు
ప్లాను రొట్టెలు చుట్టే కాగితం మీద ఉంది.
వంటింటి పక్కన ఒక గది. మూడు మీటర్లు, నాలుగు మీటర్లు.
లోపల మగ్గం, మగ్గం ముందు తను,
గుమ్మం దగ్గర కుక్క.
"స్కేలు ఏది?" అన్నాను.
"కుక్కని బట్టి కొలుచుకో,
అది నా మోకాలి దాకా వస్తుంది" అంది.

నేను నవ్వలేదు. ఆ రోజు సోమవారం.
నకళ్లు మూడు, ఆర్కిటెక్టు సంతకం,
స్థలం దస్తావేజు, కుళాయి పన్ను రసీదు,
ఆపైన ఏడో నంబరు కాగితం:
హద్దుకు ఆనించి గోడ లేపితే పొరుగువారి సమ్మతి.
ఆ చివరి మాట దగ్గర
ఆమె తడి ఉన్ని టోపీని పిండుకోవడం ఆపింది.

పొరుగంటే బెలార్మినో మన్సీయా.
పదకొండేళ్ల కిందట అతని పంది
ఆమె వెల్లుల్లి మడి తవ్వింది.
పంది ఎప్పుడో పొగ మీద ఎండి
ఎవరి కడుపులోనో అరిగిపోయింది.
మాట మాత్రం అరగలేదు.

ఏప్రిల్లో వచ్చింది, మేలో వచ్చింది, జూన్‌లో రెండుసార్లు.
వచ్చినప్పుడల్లా ఫైలు కాస్త ఉబ్బేది,
కాగితాలు పెరిగి కాదు, చెమ్మకి.
పొయ్యి పక్కన పెట్టి ఆరబెట్టేవాణ్ణి.
అది నా ఉద్యోగంలో రాసి లేదు.
ఏడో నంబరు చోటు మాత్రం
పన్నూడిన చిగురులా అలాగే ఉండేది.

ఒక సాయంత్రం బెలార్మినో తనే వచ్చాడు.
ఆ కాగితాన్ని ఆమె ప్లాస్టిక్ సంచిలో చుట్టి
కంచె గుంజకి మేకు కొట్టిందట.
తొమ్మిది రోజులు దాన్ని చూస్తూనే ఆవు పాలు పితికాడట.
"గోడకి నేనేం అడ్డు కాదు.
చూరు జానెడు తగ్గించమను.
చూరు నీళ్లు నా దుంప మొక్కల మీద పడకూడదు."
"మీరే చెప్పొచ్చుగా?"
"మాకు మాటల్లేవుగా" అన్నాడు,
బయట వాన పడుతోంది అన్నంత మామూలుగా.

అలా జూలై అంతా నేనే గోడనయ్యాను,
రెండు వైపులా చెవులున్న గోడని.
జానెడు కాదు, బెత్తెడు అంది ఆమె.
జానకి రెండు వేళ్లు తక్కువ అన్నాడు అతను.
ఎవరి జాన, అని విసుక్కుంటే
ఇద్దరూ వేర్వేరు రోజుల్లో వచ్చి
నా బల్ల మీద చెయ్యి పరిచారు.
ఆమెది చిన్న చెయ్యి, వేళ్ల నిండా నూలు కోసిన గీతలు.
అతనికి చిటికెన వేలు సగమే.
స్కేలు పెట్టి చూసి, మధ్యలో ఏదో ఒక అంకె రాసుకున్నాను.

ఆగస్టు పన్నెండున సంతకం పడింది.
ఆ రాత్రి బల్ల కుదురుగా లేదని వంగి చూస్తే
దాని కాలి కింద నేనే దోపిన పుస్తకం,
రాజధాని నుంచి వచ్చిన కొత్త నిబంధనలు.
నలభై ఒకటో పేజీ, అడుగున చీమల్లాంటి అక్షరాలు:
కిటికీ లేని గోడకి
ఏడో నంబరు కాగితం అక్కర్లేదు.
మూడేళ్లయింది మార్చి.

పుస్తకాన్ని మళ్లీ కాలి కిందే పెట్టాను.
పొయ్యిలో ఇంకో కట్టె వేశాను.
చెప్పాలనే అనుకున్నాను.
ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

నవంబరులో తనిఖీకి వెళ్లాను.
గోడ సరే, చూరు సరే.
మగ్గం ఇంకా రాలేదు.
గది మధ్యలో కుక్క నిలబడి ఉంది,
నిజమే, మోకాలి దాకానే.
మిగిలిన చెక్క పెంకులు పదో పన్నెండో
అవతల అతని కోళ్ల గూటి మీద కనిపించాయి.
వాటి సంగతి అడగలేదు.
అవి ప్లానులో లేవు.

కంచెకి చెరో పక్క నిలబడి
ఇద్దరూ నా టేపు వంకే చూస్తున్నారు.
"ఆవిడకి చెప్పండి" అన్నాడు బెలార్మినో,
"గుంజకి ఆ మేకు
అలాగే ఉండనివ్వమని."